వేలంపాటలో ఊపిరి

మదనపల్లె టమాటా మండీలో మా నాయన వేలంపాట పాడేవాడు. క్రేట్ల వరుస మీదికెక్కి, వ్యాపారుల చేతి సైగలు చూస్తూ ధర పెంచుకుంటూ పోవడం ఆయన పని. ఆ మండీలో ఒక కట్టుబాటు ఉంది. పాడేవాడి గొంతు ఆగిందంటే, చివర పలికిన ధరకు సరుకు అమ్ముడైపోయినట్టే. అందుకని నాయన పాట నడుమ ఊపిరి తీసుకున్నట్టు ఎవరికీ తెలియనిచ్చేవాడు కాదు. మాటల సందుల్లో గాలి దొంగిలించేవాడు.

క్షయ వచ్చి తగ్గాక ఆ పని చేతకాలేదు. మందులు పూర్తయ్యాయి, పరీక్షల్లో జబ్బు లేదు. ఊపిరితిత్తుల్లో మచ్చలు మాత్రం మిగిలాయి. వాటికి మందు లేదని, శ్వాస వ్యాయామం చేస్తే ఉన్నంతలో మేలని డాక్టరు చెప్పాడు. టమాటా సీజన్ మొదలయ్యేదాకా నాయన చోటు ఎవరికీ ఇవ్వనని మండీ యజమాని మాటిచ్చాడు.

నేను కుప్పంలో ఒక ఫ్యాక్టరీలో పంపులు, వాల్వులు చూసే ఇంజనీరుని. నాయన ఊపిరినీ అలాగే చూశాను: లోపలికి ఎంత, బయటికి ఎంత, ఎక్కడ అడ్డుపడుతోంది. పుంగనూరులో ఒక రిటైరైన సార్ చైనావాళ్ల శ్వాస సాధన చీగాంగ్ నేర్పుతున్నాడని విన్నాను. మలేషియాలో పనిచేసిన రోజుల్లో ఒక చైనా పెద్దాయన దగ్గర తావో మార్గంలో శిక్షణ పొందాడట. ఆదివారాలు నేను కుప్పం నుంచి, నాయన మదనపల్లె నుంచి బస్సెక్కి పుంగనూరులో కలుసుకునేవాళ్లం.

"డాక్టరు మాట దాటొద్దు. నేను జబ్బు పోగొట్టేవాణ్ణి కాదు. ఊరికే నిలబడేది నేర్పిస్తా," అన్నాడు సార్ మొదటిరోజే.

మేడ మీద నిలబెట్టాడు. మోకాళ్లు కొద్దిగా వంచి, పెద్ద కుండను కావలించుకున్నట్టు చేతులు గుండ్రంగా పెట్టాలి. భుజాలు వదిలేయాలి. గాలి మెల్లగా బయటికి పోవాలి. పోయాక, అది తనంతట తాను మళ్లీ వచ్చేదాకా వేచి ఉండాలి.

మొదటి మూడూ నాయనకు వచ్చాయి. నాలుగోది రాలేదు. గాలి పోయీపోకముందే భుజాలు లేచేవి, నోటితో లాగేవాడు, దగ్గు తన్నుకొచ్చేది.

"యాలప్పా అంత తొందర? ఎవురన్నా తరుముతాండారా?" అన్నాడు సార్.

"ఆడ ఆగితే రైతుకు నష్టం సార్," అన్నాడు నాయన కళ్లు మూసుకునే.

"ఈడ రైతు యాడుండాడు?"

నాయన నవ్వబోయాడు. మళ్లీ దగ్గొచ్చింది.

సీజన్ నాటికి నడకలో ఆయాసం కాస్త తగ్గింది. అది సాధన వల్లనో, తిండి వల్లనో, కాలం వల్లనో విడదీసి చెప్పలేను. "ఇంగ ఎక్కుతా," అన్నాడు నాయన. నేను సెలవు పెట్టి వెంట వెళ్లాను.

నిమ్మనపల్లె రైతు సరుకు. నాయన క్రేట్ల మీద నిలబడి మొదలుపెట్టాడు. పాత గొంతే. చేతులు లేస్తున్నాయి, ధర ఎక్కుతోంది. ఉన్నట్టుండి ఆగిపోయాడు. ఛాతీ కదిలింది, మాట రాలేదు.

"అయిపాయ. నాదే," అన్నాడు ముందున్న వ్యాపారి.

"లేదప్పా, ఊపిరి తీసుకుంటాండా."

"ఊపిరి గూడా వేలానికి పెట్టినావా మామా? అదెంత?"

అందరూ నవ్వారు. వెనక ఇంకో వ్యాపారి చేయి లేచే ఉంది. రైతు ఆ చేతినీ, నాయననూ చూశాడు. కట్టుబాటు ప్రకారం సరుకు తక్కువకే పోయింది.

నాయన మెల్లగా దిగి రైతు దగ్గరికి వెళ్లాడు. "తప్పు నాదప్పా. ఇంగ నేను ఎక్కను," అన్నాడు. యజమానికీ అదే చెప్పాడు. ఇంకొన్నాళ్లు చూద్దామని యజమాని అంటే తల అడ్డంగా ఊపాడు.

ఆ ఆదివారం మేడ మీద నేను ఆయన పక్కనే నిలబడ్డాను. ఆయన గాలి బయటికి పోయింది. భుజాలు లేవలేదు. కింద ఎవరో బిందె దించారు. రోడ్డు మీద బస్సు హారన్ మోగి ఆగింది. ఆయన ఇంకా అలాగే ఉన్నాడు. భయమేసి ఆయన మొహంలోకి చూశాను. నాయన చెంపలు తడిసి ఉన్నాయి. అప్పుడు గాలి తనంతట తాను వచ్చింది. దగ్గు రాలేదు.

బస్టాండుకు నడుస్తూ నాయన అడిగాడు: "ఆ నిమ్మనపల్లె ఆయప్ప మళ్లీ మన మండీకే వస్తాడంటావా?"

తెలియదన్నాను. మదనపల్లె బస్సు వచ్చేదాకా ఇద్దరం నిలబడే ఉన్నాం.