చచ్చినావిడ మళ్లీ చచ్చిన రోజు

"చచ్చినావిడని బతికించడానికి రెండొందల ఎపిసోడ్ల నుంచి మేం చస్తున్నాం. నువ్వు ఒక్క మాటతో మళ్లీ చంపేశావేంటి బాబాయ్!"

డైరెక్టర్ అరుపు సెట్టు తలుపు దాటి మేకప్ గది దాకా వినపడింది.

"నోరు జారింది సార్."

"నీ నోరు జారితే ఆవిడ విషం తాగేసింది!"

అందరూ బాబాయ్ అని పిలిచే ఆయన ఈ సీరియల్‌కి ప్రాంప్టర్. కెమెరా పక్కన నిలబడి ఒక్కో డైలాగూ అందిస్తాడు, నటులు విని అప్పజెబుతారు. ఇక్కడ కంఠస్థం చేసే అలవాటు ఎవరికీ లేదు. అంతకుముందు ముప్పై ఏళ్లు నాటకాల్లో తెర పక్కన ఇదే పని. ఆయన గుసగుస నటుడి చెవికి అందేది, మొదటి వరసకి అందేది కాదు. ఒక విషాద నాటకాన్నయితే ఆరువందలసార్లు నడిపించాడు. అందులో శత్రువు విషం కలిపిన పాలను తల్లి తెలియక కొడుక్కి తాగిస్తుంది. తెలిశాక గిన్నె ఎత్తి, "వాడికి పోసింది నేనే, మిగిలింది నాదే" అని తాగేస్తుంది. తెర పడుతుంది.

ఆ నాటకాన్నే ఇప్పుడు సీరియల్‌గా తీస్తున్నారు. అక్కడితో ఆగితే వాళ్లకి గిట్టుబాటు కాదుగా. విషం నకిలీదన్నారు. తల్లి లేచింది. కొడుకు వేరే మొహంతో లేచాడు. ఈమధ్య శత్రువుకి కవల తమ్ముడు కూడా పుట్టుకొచ్చాడు.

ఇంట్లో బాబాయ్ భార్య ఒక్క ఎపిసోడూ వదలదు. "ఆవిడ బతికితే నీకెందుకు కడుపుమంట?" అంటుంది.

"నీకు చెప్పినా అర్థం కాదు!"

"ఊరందరి చెవుల్లో గుసగుసలు, నా దగ్గరే అరుపులు."

ఆ ఉదయం తల్లికి పాత గిన్నె మళ్లీ దొరికే సీను. కాగితంలో ఉన్నది, "ఈ గిన్నె సాక్షిగా పగ తీర్చుకుంటాను." గిన్నె కనపడగానే బాబాయ్ కళ్లు కాగితాన్ని వదిలేశాయి. నోరు తన దారి తాను చూసుకుంది. "వాడికి పోసింది నేనే..."

నటి విన్నది విన్నట్టే అంది. అని, ఎవరూ చెప్పకుండానే గిన్నె ఎత్తి తాగేసింది. డైరెక్టర్ కట్ చెప్పడం మర్చిపోయాడు. లైట్ల దగ్గర ఎవడో ముక్కు చీదాడు. తేరుకున్నాక మొదలైంది ఈ రాద్ధాంతం.

"ఇంకోసారి ఇలాగైతే ఇక రావద్దు," అని తేల్చేశాడు డైరెక్టర్.

మళ్లీ తీశారు. ఈసారి బాబాయ్ అక్షరాల మీద వేలు పెట్టి మరీ చదివాడు. నటి పగ తీర్చుకుంటానంది, కూరగాయల లిస్టు చదివినట్టు. ఓకే అన్నారు. అందర్నీ ఏడిపించిన టేక్‌ని చెరిపేశారు.

భోజనాల వేళ బాబాయ్ అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. డైలాగ్ రైటర్ వచ్చి పక్కన కూలబడ్డాడు. కాలేజీ మధ్యలో వదిలేసిన మొండివాడు, ఏ మాటా చుట్టు తిప్పి అనడు.

"నిజం చెప్పు బాబాయ్, నా డైలాగ్ చెత్తేగా?"

"చెత్తే."

"నాకూ తెలుసు. ఛానెల్‌కి అదే కావాలట, ఏం చావను?"

బాబాయ్ కంచం పక్కకి నెట్టాడు. "ముప్పై ఏళ్లలో ఒక్క మాట తప్పు అందించలేదురా. ఇవాళ సరైన మాట అందిస్తే తప్పన్నారు." అలవాటైన గుసగుసలోకి దిగాడు. "ఎంత సాగదీసినా ఎప్పుడో ఒకరోజు ఇది అయిపోవాలిగా. ఆ ఆఖరి ఎపిసోడ్‌లో ఆ మాట రాసిపెట్టరా. నీ చేత్తో, కాగితం మీద. అప్పుడు నేను అందిస్తే ఎవడూ తప్పనడు."