పటంలో దొరికిన అమ్మవారు

దేవుళ్ళకు దండం పెడతాను గానీ, దయ్యాలకు నేను ఏనాడూ భయపడింది లేదు. చింతామణిలో మాది ఫోటో ఫ్రేముల అంగడి. గోడ నిండా చనిపోయినవాళ్ళ ఫోటోలే. పొద్దున షట్టరు తీసి, వాళ్ళ మొహాలు చూస్తూనే టిఫిన్ తింటాను. ఇన్నేళ్ళలో ఒక్కరూ నన్ను పలకరించలేదు. కాబట్టి నేను చెప్పేది పిరికిదాని మాట అనుకోవద్దు.

మా అమ్మాయి పావని డిగ్రీ చదువుతోంది. నిరుడు ఉన్నట్టుండి స్పృహ తప్పి పడిపోవడం మొదలైంది. ఒకసారి కాలేజీ మెట్ల మీద, ఇంకోసారి వంటింట్లో పొయ్యి పక్కనే. చిక్కబళ్ళాపురం తీసుకుపోయి తలకు స్కానింగు తీయించాం, రక్తపరీక్షలు చేయించాం. మందులు ఇచ్చారు తప్ప ఇదీ జబ్బు అని ఎవరూ తేల్చలేదు. కడుపున పుట్టిన పిల్ల కళ్ళ ముందే నేలకు ఒరిగిపోతుంటే తల్లి ప్రాణం ఎట్లా ఉంటుంది? స్నానానికి పోయినా దాన్ని గడియ పెట్టుకోనిచ్చేదాన్ని కాదు.

మా అత్తగారిది ఒకటే పాట. "ఇలవేల్పును మరిచిపోయినాం గదమ్మా, ఆ తల్లి ఊరికే ఉంటాదా?" మా ఆయన పెద్దవాళ్ళు వ్యాపారం కోసం బాగేపల్లి వైపు నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళు కొలిచిన అమ్మవారి గుడి ఆ దారిలోనే ఉండేదట. యాడుందో ఎవరికీ తెలీదు. పోతమ్మ అనే పేరు మాత్రం అత్తకు లీలగా గుర్తు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ పటం మా అంగడికి వచ్చింది. మా దగ్గర పటం అంటే దేవుడి పటమే. ఇది భూపటం. నంది కొండ కింద హోంస్టే కడుతున్న ఒకాయన గోడకు తగిలించుకోవడానికని తెచ్చాడు. చాలా పాతది. రాగిరేకు మీద చెక్కి, సిరా పట్టించి, కాగితం మీద అచ్చొత్తిందట. వేలితో తడిమితే గీతలు సన్నగా తగులుతాయి. చుట్టూ రేకు అంచు నొక్కుకున్న గాడి కూడా కనిపిస్తుంది. కొండలైతే గొంగళిపురుగులు పాకుతున్నట్టు గీసి ఉన్నాయి.

దాని కథ ఆయనే చెప్పాడు. ఎవరో దొర ఒక కొలత చక్రం దొర్లించుకుంటూ మన దారులన్నీ తిరిగాడట. కనిపించినవాళ్ళను ఊరి పేరు అడిగి, చెవికి ఎట్లా పడితే అట్లా రాసుకున్నాడట. ఆ కాగితాలు ఓడెక్కి పోతే, అక్కడ ఇంకొకాయన అక్షరాలన్నీ తిరగేసి రాగి మీద చెక్కాడట. ఆయన ఈ నేల చూసింది లేదు, మన మాట విన్నది లేదు. అందుకే మనం చిన్నబళ్ళాపురం అని కూడా అనే చిక్కబళ్ళాపురం కాస్తా 'చినబలబరం' అయి కూర్చుంది. హోంస్టే ఆయన వెళ్ళాక మేం ఒక్కో ఊరి పేరు కూడబలుక్కుంటూ నవ్వుకున్నాం.

బాగేపల్లికీ చింతామణికీ నడుమ, రెండు కొండల మధ్య ఒక పేరు ఉంది. పక్కన ఊరి గుర్తు లేదు, ఉత్త పేరే. ఆ ఇంగ్లీషు అక్షరాలు ఎట్లా చదివినా 'ఆదిక్ పోదమ్మ' అనే వచ్చింది. మా ఆయన చేతిలోని టేపు అట్లాగే కింద పడేశారు.

"ఆది పోతమ్మ! మన తల్లే! వానికి త పలకక ద రాసినాడు," అన్నారు.

మా అత్త లోపలి నుంచి వచ్చి పటానికి దండం పెట్టేసింది. గుడి కాబట్టి ఊరి గుర్తు లేదనుకున్నాం. ఎంత చక్కగా అతికిందో! నాకైతే ఏడుపొచ్చింది. నా బిడ్డకు ఇంక మంచి జరుగుతుందని నిజంగా అనుకున్నాను.

పావని ఫోనులో మ్యాపు తెరిచి ఆ పాత కాగితం పక్కన పెట్టింది. "ఊర్లు పోతాయి గానీ కొండలు యాడికి పోతాయమ్మా," అంటూ ఆ రెండు కొండలను పట్టేసింది.

ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక నేనూ అదీ స్కూటరు మీద బయలుదేరాం. మా ఆయనకు ఆ రోజు ఇవ్వాల్సిన ఫ్రేములుండి రాలేదు. బాగేపల్లి రోడ్డు వదిలాక మట్టిబాట, అది కూడా అయిపోయాక బండలూ ముళ్ళపొదలూ. స్కూటరు ఆపి నడిచాం. ఎండ చురుక్కుమంటోంది. మనిషి జాడ లేదు, కనీసం ఒక మేక కూడా లేదు.

కొంత దూరం పోయాక చూసుకుంటే టెంకాయ, పూలు పెట్టిన సంచి బండికే తగిలించి వచ్చాం. నేను వద్దంటున్నా వినకుండా, తెస్తానని పావని వెనక్కి పోయింది. నేను నిలబడకుండా మెల్లగా ముందుకు నడుస్తున్నాను.

"అమ్మా, ఈడ ఉండాది, రా!"

ముందున్న పొదల అవతలి నుంచి పావని గొంతు. ఇంకో వైపు నుంచి చుట్టి వచ్చిందేమో అనుకున్నాను. అంత ఎండలో అది ఒక్కతే బండల మధ్య కళ్ళు తిరిగి పడితే ఏం గతి? "వస్తాండా, ఆడ్నే కూర్చోవే!" అని అరుస్తూ గబగబా నడిచాను. మళ్ళీ పిలిచింది. అరచేతికి చల్లగా ఏదో తగిలినట్టు గుర్తు. గాలి అనుకున్నాను.

"ఆడికి పోవద్దమ్మా!"

వెనక నుంచి కేక. నా పమిట చెంగు పట్టుకుని ఎవరో గుంజితే వెల్లకిలా పడ్డాను. చూస్తే పావని. చేతిలో టెంకాయ సంచి.

నేను అడుగు వేయబోయిన చోట, ముళ్ళకొమ్మల కింద నేల లేదు. గట్టు లేని పాడుబావి. నా కాలు తగిలి జారిన రాయి లోపల పడిన చప్పుడు చాలాసేపటికి గానీ రాలేదు.

నన్ను పిలిచింది నువ్వు కాదా అని అడిగాను. దాని మొహం పాలిపోయింది.

"నేను బండి కాడ ఉంటి గదమ్మా. నిన్ను పిలవనే లేదు. నువ్వే చెయ్యి ముందరికి చాపుకోని పోతాండావు, ఎవరో పట్టుకోని పిల్చుకోని పోతాండినట్ల."

అప్పుడే బావిలోంచి మళ్ళీ వినిపించింది. "రా అమ్మా." పావని గొంతే. పావని నా పక్కన నోరు మూసుకుని ఉంది. దానికీ వినపడిందని, నా చెయ్యి నొప్పెట్టేలా నొక్కినప్పుడు తెలిసింది.

సంచి అక్కడే పారేసి పరుగెత్తాం. స్కూటరు తారురోడ్డు ఎక్కేదాకా నేను వెనక్కి తిరిగి చూడలేదు. పావని ఇంటి దాకా నా నడుము కరుచుకునే కూర్చుంది.

అంగడిలో పటం బల్ల మీదే ఉంది, అద్దం వేసి. "అమ్మవారు కనపడిందా?" అని మా ఆయన సంబరంగా అడిగారు. పావని నేరుగా పోయి అద్దం మీద ఆ పేరున్న చోట వేలు పెట్టింది. 'ఆదిక్ పోదమ్మ' అనే ఆ రెండు మాటలూ పెదవుల్లో అనుకుంది. తరువాత గట్టిగా ఏడ్చేసింది.

బావి దగ్గర పావని అరిచిన మాటనే మీరూ ఒకసారి గబగబా అని చూడండి. ఆడికి పోవద్దమ్మా. నడుమ వ నోట్లోనే మిగిలిపోతుంది. ఇంగ్లీషులో ద కీ డ కీ ఒకటే అక్షరం. అది పోతమ్మ పేరు కాదు, ఎవరి పేరూ కాదు.

దొర మగవాడు. ఆయన్ను హెచ్చరించాలంటే మన వైపు ఎవరైనా పోవద్దప్పా అంటారు. పోవద్దమ్మా అన్నారంటే, ఆ రోజు ఆ బావి వైపు ఒక ఆడమనిషి నడిచిపోతూ ఉండాలి. వెనక నుంచి ఎవరో, కూతురేనేమో, అరిచి ఉండాలి. దొర ఆ కేకను ఊరి పేరనుకుని శ్రద్ధగా రాసుకున్నాడు. ఆ తల్లి ఆగిందో లేదో రాయలేదు. ఆయన విన్న గొంతు ఎవరిదై ఉంటుందా అని ఒక్కోసారి ఇంకో ఆలోచన వస్తుంది. దాన్ని పూర్తి కానివ్వకుండా లేచి ఏదో ఒక పని పెట్టుకుంటాను.

పటాన్ని హోంస్టే ఆయన తీసుకుపోయాడు. మా అత్త ఇలవేల్పు మాట ఎత్తడం లేదు. ఆ రోజు జరిగింది ఏమిటో ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు.

పావనికి ఇంకా అప్పుడప్పుడు కళ్ళు తిరుగుతాయి. అది వెనక నుంచి పిలిస్తే ఉన్నచోటే ఆగిపోతాను. లోపలి గదిలోంచో, మిద్దె మీద నుంచో "అమ్మా, రా" అని వినపడితే మాత్రం పోను. పడిపోయిందేమో అని కాళ్ళు లాగేస్తున్నా, గుమ్మం పట్టుకుని "నువ్వే రావే" అని అరుస్తాను. అది నవ్వుతూ వచ్చి ఎదురుగా నిలబడేదాకా నా ప్రాణం నాలో ఉండదు.