పూడిపోయిన గెడ్డ, పాత మ్యాపు, మా మేష్టారు

సోషలు మేష్టారు పోయారు. మొన్న టెక్కలి బస్సులో ఉండగా మా అమ్మాయి ఫోను చేసి చెప్పింది. చెప్పి ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఇంటికొచ్చి ఆయన సంగతులు మొదలెట్టామో లేదో, ఇద్దరం నవ్వడమే! అలాంటి మనిషి ఆయన.

పలాసలో మా ఎదురిల్లే ఆయనది. రిటైరయ్యాక పాత సర్వే మ్యాపులు పోగుచేశారు. ఇటు వంశధార, అటు మహేంద్రతనయ, మధ్యలో ఈ ఫ్యాక్టరీలూ క్వారీలూ రాకముందు మన నేల ఎలా ఉండేదో గీసిన కాయితాలు. "సేతులు కడుక్కోనొచ్చి ముట్టుకో బావా" అనేవారు. ముప్పై ఏళ్ళు జీడిపిక్కలు కొట్టిన చేతులు నావి, ఎంత కడిగినా నలుపే. ఆయనే తువ్వాలిచ్చి పక్కన కూర్చోబెట్టుకునేవారు.

మొదటిసారి మ్యాపు చూసి, "కొండ సుట్టూ ఇన్ని రోడ్లేటి మేష్టారూ!" అన్నాను. పడీపడీ నవ్వారు. "రోడ్లు కావు బావా, ఎత్తులు" అని బేసిన్లో ఒక రాయి పెట్టి, అంగుళం అంగుళం నీళ్ళు పోస్తూ, నీళ్ళు తాకిన చోటల్లా మా అమ్మాయి చేత గోళ్ళరంగుతో గీత గీయించారు. పైనుంచి చూస్తే అచ్చం మ్యాపే!

మా వీధి బాధ ఒకటే. వానొస్తే ఇళ్ళల్లోకి మోకాల్లోతు నీళ్ళు. డిప్లొమా చదువుతున్న మా అమ్మాయి ఆ మ్యాపులో వీధి వెనక నుంచి తోట అవతలి చెరువు దాకా నీలిగీత ఒకటి పట్టుకుంది. గెడ్డ! వాననీళ్ళు పారే వాగు. మా పెద్దలే జీడితొక్కలు పోసి పూడ్చేసి మరిచిపోయారు. అక్కడే కాలువ తవ్వాలంది. "పాతకాయితం సూసి నేల తవ్వుతారేటి?" అని వీధంతా నవ్వింది. సిగ్గు విడిచి చెబుతున్నా, నేనూ "ఊరుకోవే, పరువు పోతాది" అన్నాను. మేష్టారు మాత్రం "ముందు తవ్వండి, తర్వాత తిట్టండి. పిల్లని కాదు, నన్ను తిట్టండి" అని తనే గునపం పట్టారు. నడుంలోతు దిగేసరికి నల్లటి తొక్కలు బయటపడ్డాయి. ఇంక నవ్వినవాళ్ళే పారలు తెచ్చారు.

తొలి పెద్దవానకి అలవాటుగా బియ్యం బస్తా మంచమెక్కించి గుమ్మంలో నిలబడ్డాను. నీళ్ళు రాలేదు. ఎంతసేపు చూసినా రాలేదు! నా కూతురమ్మా, నా కూతురు చెప్పిన చోటే పారుతున్నాయి! ఆ సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వానలోకి దిగేశాను.

గట్టు మీద మేష్టారు పంచె ఎగ్గట్టి, గొడుగు మడిచి చంకన పెట్టుకుని, పారే నీళ్ళతో సమానంగా నడుస్తున్నారు. వెనకాలే మా అమ్మాయి. తోట మలుపు దగ్గర వెనక్కి తిరిగి కేకేశారు.

"బావా, అక్కడే నిల్సున్నావేటి? సెరువులో పడతన్నాయి, రా!"

చెప్పులు అక్కడే వదిలేసి పరిగెత్తాను.