గడప బయట బూట్లు

2021లో కరోనా రెండో విడత తగ్గి, ఆసుపత్రుల్లో మామూలు రోగులను మళ్ళీ చూడడం మొదలుపెట్టిన రోజులవి. ఒడిశాలోని బరంపురంలో ఒక ఆసుపత్రి క్లబ్‌ఫుట్ క్లినిక్‌లో నేను ఫిజియోథెరపిస్టుని. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. క్లబ్‌ఫుట్ అంటే పుట్టుకతోనే పాదం లోపలికీ కిందికీ మెలి తిరిగి ఉండడం. మా వైపు వంకరకాళ్ళు అంటారు. మొదటిసారి చూసినవాళ్ళకు గుండె జారిపోతుంది గానీ, పసితనంలోనే పట్టుకుంటే చాలామందికి పెద్ద ఆపరేషన్ లేకుండానే సరవుతుంది. ఈ వైద్యంలో కత్తికి పని తక్కువ, ఓపికకు ఎక్కువ.

ఆ ఓపికే నాకు లేదు. మాది తరాలుగా బరంపురంలో కిరాణా కొట్టు నడిపే కుటుంబం. గిరాకీ కాసేపు నిలబడితే చాలు, మా నాన్న కాలు కాలిన పిల్లిలా తిరుగుతారు. ‘ఆలస్యం అమృతం విషం’ అన్నది మా ఇంట్లో సామెత కాదు, చట్టం. అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని ఏరికోరి ఈ ఉద్యోగంలో పడేశాడంటే దేవుడికి హాస్యం తెలుసని మా అమ్మ అంటుంది.

వైద్యం ఇలా సాగుతుంది. వారానికోసారి పసిబిడ్డ పాదాన్ని చేత్తో మెల్లగా, కొంచెమే తిప్పి, ఆ తిప్పిన చోట నిలిచేలా వేళ్ళ నుంచి తొడ దాకా ప్లాస్టరు వేస్తాం. మరుసటి వారం అది విప్పి ఇంకొంచెం తిప్పి మళ్ళీ వేస్తాం. చివర్లో డాక్టరుగారు మడమ వెనక నరంలా బిగిసి ఉన్న టెండన్‌ను చిన్న గాటుతో వదులు చేస్తారు. అప్పటికి పాదం చూడముచ్చటగా తయారవుతుంది. తల్లిదండ్రులు అయిపోయిందనుకుంటారు. అసలు పని అప్పుడే మొదలు. తిరిగిన పాదానికి పాత దారి గుర్తుంటుంది. అందుకని బ్రేస్ తొడగాలి. రెండు చిన్న తోలు బూట్లు, వాటిని కలుపుతూ ఒక కడ్డీ, అదీ బ్రేస్ అంటే. మొదట్లో స్నానానికి తప్ప విప్పకూడదు. తర్వాత నిద్రలో మాత్రమే. అలా నాలుగేళ్ళు వచ్చేదాకా.

సువార్త ఆ ఏడు వర్షాల్లో వచ్చింది. ఊరు రామయ్యపట్నం, సముద్రం ఒడ్డు. భర్త ఏడాదిలో సగం రోజులు కేరళ వైపు బోట్ల మీద పనిలో ఉంటాడు. ఆమె వెనకే అత్త అప్పలమ్మ, చేతిలో టవలు చుట్టిన పాప. పాప పేరు నిరీక్షణ. పెళ్ళయిన చాలా ఏళ్ళకు, ఎన్నో ఉపవాస ప్రార్థనల తర్వాత పుట్టింది. పుట్టేసరికి రెండు పాదాలూ గోల్ఫు కర్రల్లా లోపలికి తిరిగి ఉన్నాయి.

ఆడవాళ్ళు మా క్లినిక్ గదిలో ఏడవడం నాకు అలవాటే. సువార్త ఏడవలేదు. నేను చెప్పిందంతా విని, “ఠిక్ అచ్చి దిదీ” అంది, ఒడియాలో సరే అక్కా అని. మా దగ్గర ఒడియావాళ్ళయినా తెలుగువాళ్ళయినా ఆసుపత్రి ఆడవాళ్ళను దిదీ అనే పిలుస్తారు.

“నాలుగేళ్ళమ్మా. అర్థమైందా?” అన్నాను. ఆమె మరీ తేలిగ్గా ఒప్పేసుకుందని నాకు అనుమానం.

“అయింది దిదీ. ఈ గుంట కోసం నెల నెలా అడిగినాను. నెల నెలా నేదనే అన్నాడు దేవుడు. అప్పుడు తెలిసింది నాకు. నేదంటే కాదని కాదు, ఇంకా అవనేదని.”

వెనక నుంచి అప్పలమ్మ, “దానికి ఓపికెక్కువమ్మా. నాకే నేదు” అంది. నాకు ఆ ముసలమ్మ వెంటనే నచ్చేసింది.

వాళ్ళు ఒక్క వారమూ తప్పలేదు. ఆటో ఎక్కి, బస్సు మారి, వానలో తడిసి వచ్చేవారు. పాప ఏడిస్తే అప్పలమ్మ గొంతెత్తి క్రైస్తవ కీర్తన పాడేది. గొంతు బొంగురు, శ్రుతి దేవుడికెరుక, అయినా పాప ఊరుకునేది. మా ప్లాస్టరు గదిలో అందరం ఆ పాట నేర్చేసుకున్నాం. టెండన్ గాటు అయింది, బ్రేస్ వచ్చింది. పాదాలు చక్కగా నిలిచాయి. పాప కొన్ని నెలలు రోజంతా బ్రేస్‌తో ఉండి, తర్వాత నిద్రకు మాత్రమే వేసుకునే దశకు వచ్చింది.

ఏడాది నిండాక పాపను చెకప్‌కి తెచ్చినప్పుడు కుడి పాదాన్ని రెండుసార్లు తిప్పి చూశాను. మడమ పైకి లేచింది. ముందు భాగం లోపలికి తిరుగుతోంది. దీన్ని రిలాప్స్ అంటాం, రోగం తిరగబెట్టడం. నూటికి తొంభై పాళ్ళు బ్రేస్ సరిగ్గా వేయకపోతేనే వస్తుందని మాకు నేర్పారు.

“రాత్రి వేస్తున్నావా?” అన్నాను.

“ఏస్తన్నాను దిదీ. ప్రార్థనయ్యేక ఏస్తాను.”

“రోజూ?”

“రోజూ దిదీ.”

నాకు చిర్రెత్తింది. అందరూ ఇదే మాట చెబుతారు, పిల్లల పాదాలే వాళ్ళ గుట్టు బయటపెడతాయి. కానీ సువార్త మొహంలో అబద్ధం లేదు. డాక్టరుగారు పాదం చూసి, మళ్ళీ ప్లాస్టర్లు మొదలుపెడదామన్నారు. ఇంకోసారి తిరగబెడితే మాత్రం ఎముకల దాకా వెళ్ళే పెద్ద ఆపరేషనే, ఆ పాదం జన్మంతా బిరుసుగా ఉండిపోవచ్చు అని కూడా చెప్పారు. అప్పుడు మొదటిసారి సువార్త కళ్ళు నిండాయి. “మళ్ళా మొదటికొచ్చీసినాం” అని మాత్రం అంది.

తిరగబెట్టిన పిల్లల ఇళ్ళకు వెళ్ళి చూడడం మా క్లినిక్ పద్ధతి. ఇంట్లో బ్రేస్ ఎలా వేస్తున్నారో కళ్ళారా చూస్తే గానీ తెలియదు. పట్టీలు సాగిపోయి ఉండవచ్చు, బూటు చిన్నదైపోయి ఉండవచ్చు. ప్లాస్టర్లు మొదలుపెట్టే ముందు ఒక సాయంత్రం రామయ్యపట్నం వెళ్ళాను.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. పాట వినిపిస్తోంది. ప్రార్థన మొదలైపోయింది. పాప అలాంటి పాదాలతో పుట్టినప్పటి నుంచి వాళ్ళ చర్చి సంఘం ఆడవాళ్ళు రోజూ సాయంత్రం ఆ ఇంట్లోనే కూడుకుంటున్నారట. నేను చెప్పులు విప్పడానికి వంగాను. గడప పక్క ఇసుకలో ఆడవాళ్ళ చెప్పులు వరసగా ఉన్నాయి. ఆ వరస చివర, కడ్డీతో సహా, నిరీక్షణ బూట్లు.

లోపలికి వెళ్ళి గోడవారగా కూర్చున్నాను. పాప అప్పలమ్మ ఒడిలో ఉంది, పాదాలు బోసిగా. ఒక్కొక్క ఆడమనిషీ లేచి వచ్చి ఆ రెండు పాదాల మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తోంది. ఎవరికీ తొందర లేదు. ఒకామె చేపల బుట్ట దించి అటునుంచి అటే వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. “ప్రభువా, ఈ కాళ్ళు నీ సొమ్ము” అంటోంది. నేను వేరే దేవుళ్ళకు దండం పెట్టుకునే దాన్ని. అయినా వాళ్ళతో పాటు నేనూ ఆ పాదాలనే చూస్తూ కూర్చున్నాను. ఇంత ప్రేమ ఆ పాదాల మీద కురుస్తోంది, కురుస్తున్నంతసేపూ అవి బూట్లు లేకుండా ఉన్నాయి.

ప్రార్థన ముగిసేసరికి పాప ఎప్పుడో నిద్రపోయింది. సువార్త మెల్లగా ఎత్తుకుని లోపల చాప మీద పడుకోబెట్టి వచ్చింది.

“మరి బ్రేస్?” అన్నాను.

“ఇప్పుడు తొడిగితే లేసిపోతాది దిదీ. లేసినాక ఏస్తాను.”

“ఎప్పుడు లేస్తుంది?”

“ఒకోపాలి రేత్రి మద్దిలో. ఒకోపాలి తెల్లారిపోతాది.”

నాకు అంతా అర్థమైంది. కోపం రావలసింది, రాలేదు. అప్పలమ్మ వైపు తిరిగి, ప్రార్థనకు ముందే తొడిగి కూర్చోబెట్టొచ్చు కదా మామ్మా అన్నాను.

ముసలమ్మ నన్ను వింతగా చూసింది. “సెప్పులేసి దేవుడి ముందర కూకోబెడతామేటమ్మా? మీ గుడికి మీరెల్తారా ఏటి అలాగ?”

“వెళ్ళం” అన్నాను. ఎలా వెళ్తాం? మా ఇంట్లో పూజగది దగ్గరికి ఎవరైనా చెప్పులతో వస్తే మా అమ్మ ఇల్లంతా కడిగిస్తుంది. అందుకని వేరే దారిన వచ్చాను.

“మామ్మా, ప్లాస్టరు ఉన్నప్పుడు ప్రార్థనలో ఎలా కూర్చోబెట్టారు?”

“కట్టుతోనే. కట్టిప్పుతారేటి?”

“ఇదీ కట్టే. అది సున్నంతో, ఇది తోలుతో.”

“బూటులాగే ఉంది గదా తల్లీ.”

“ఆ బూటుతో పాప ఎప్పుడైనా నేల మీద అడుగేసిందా?”

కడ్డీ ఉన్న బూట్లతో అడుగెలా వేస్తారు? ముసలమ్మ గడప వైపు చూసింది. తర్వాత లేచి బయటకు వెళ్ళి, ఆ బూట్లు తీసుకొచ్చి, కూర్చుని, చీర చెంగుతో ఇసుక తుడవడం మొదలుపెట్టింది. అడుగు భాగం, అంచులు, పట్టీల సందులు కూడా తుడిచింది.

సువార్త గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. “అయితే దిదీ, మా ప్రార్థనే దీని కాలు తిప్పీసిందా?” అని అడిగింది.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను అంత ఇరకాటంలో పెట్టిన ప్రశ్న లేదు. అవునంటే ఆ మనిషి కూలిపోతుంది. కాదంటే బ్రేస్ సంగతి తేలికైపోతుంది. నేను తడబడుతుంటే అప్పలమ్మే తలెత్తకుండా అంది. “ప్రార్థన తిప్పనేదు. మనం అడిగీసి సెయ్యొగ్గీసినాం. కాలు తిప్పడం ఆయన పని, పట్టీ బిగించడం మన పని. మన పని కూడా ఆయన మీద ఏసీసినాం.” అని, నిద్రపోతున్న మనవరాలి దగ్గర కూర్చుని బూట్లు తొడగబోయింది. పాప లేచి ఊరు అదిరేలా ఏడ్చింది. ముసలమ్మ తన బొంగురు గొంతుతో పాట అందుకుంది. వెళ్ళిపోతున్న ఆడవాళ్ళు వాకిట్లో ఆగి గొంతు కలిపారు. పాప ఏడ్చి ఏడ్చి, బూట్లతోనే నిద్రపోయింది.

ఆదివారం అప్పలమ్మే పాస్టరుగారికి విషయం చెప్పి, సంఘమంతా వింటుండగా ఆయన చేతే చెప్పించిందట, ఈ పిల్ల కాళ్ళకున్నవి చెప్పులు కావు, మందు అని. తర్వాతి వారాల్లో మళ్ళీ ప్లాస్టర్లు వేశాం. మళ్ళీ అదే ఆటో, అదే బస్సు. ఇన్నాళ్ళు పడిన శ్రమ వృథా అయిందనే మాట సువార్త నోట రాలేదు. పాదం నెమ్మదిగా లొంగింది. మళ్ళీ తిరగబెట్టలేదు. నేను మాత్రం ప్రతి చెకప్‌కీ వాళ్ళకంటే ముందు ఊపిరి బిగబట్టేదాన్ని.

2025లో నిరీక్షణకు బ్రేస్ అక్కర్లేదని డాక్టరుగారు చెప్పిన రోజున, ఆ పిల్ల మా వరండా ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తింది. మడమ నేలకు ఆని, పాదాలు తిన్నగా. వెనక అప్పలమ్మ, “ఏ, ఆగు, పడిపోతావు” అంటూ ఆయాసపడుతోంది. నేను ఏడ్చాను. దాచుకోలేదు కూడా.

ఆ రోజే కొడల నుంచి వచ్చిన ఒక చిన్నవయసు తల్లి, బిడ్డకు మొదటి ప్లాస్టరు వేయించుకుని బెంచీ మీద కూర్చుని ఉంది. ఎన్నాళ్ళు పడుతుందని నన్ను అడిగింది. నాలుగేళ్ళని చెప్పాను, ఎప్పుడూ చెప్పినట్టే. ఆమె మొహం పాలిపోయింది. సువార్త వెళ్ళబోతున్నదల్లా తిరిగి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. బిడ్డను ఒడిలోకి తీసుకుని, ప్లాస్టరు అంచుకు బయట కనబడుతున్న చిట్టి వేళ్ళను నిమిరింది.

“నాలుగేళ్ళు నువ్వు మొయ్యలేవు తల్లీ. నేనూ మొయ్యనేదు. ఈ రేత్రికి ఈ రేత్రే సూసుకున్నాను. మిగతాయి దేవుడి దగ్గర ఒగ్గీసినాను.”

అప్పటి నుంచి కొత్త తల్లి ఎవరొచ్చినా నాలుగేళ్ళ సంగతి దాచను, చెప్పాల్సిందే. కానీ మొదట చెప్పను. ముందు పక్కన కూర్చుని, ఈ రాత్రి ఏం చెయ్యాలో చెబుతాను.