పోలరాజు మావయ్య నోట్లో పైపు

సాక్చి బజారు వెనక గల్లీలో రేకుల షెడ్డు వేసుకుని కార్లు బాగుచేసే మా పోలరాజు మావయ్యకి ఒకటే అలవాటు. కనిపించిన ప్రతి పైపునీ నోట్లో పెట్టుకుని పీల్చి చూస్తాడు. పీల్చి, నాలిక కొసతో మూసి, కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. పైపు నాలికని పట్టుకుని ఉంటే మంచిది. వదిలేసిందంటే ఎక్కడో లీకున్నట్టు.

పాత టర్బో డీజిల్ కార్ల ఇంజను మీద సన్నటి రబ్బరు పైపులు అల్లుకుని ఉంటాయి. అవి గాలి ఊదేవి కావు, లాగేవి. ఆ లాగుడునే వాక్యూం అంటారు. అది సరిగ్గా అందితేనే టర్బో తన పని చేస్తుంది. ఎక్కడ చిన్న చీలిక వచ్చినా, ఒకదాని చోట ఇంకోటి తగిలించినా, బండి నల్లటి పొగ వదులుతూ ఎత్తు దగ్గర మొరాయిస్తుంది. జంషెడ్‌పూర్‌లో కంప్యూటరు తగిలించి చూసే షాపులు ఎన్ని వచ్చినా, అక్కడ తేలని బళ్ళన్నీ చివరికి మావయ్య నోటి దగ్గరికే చేరేవి.

ఈ అలవాటు షెడ్డు దాటి బయట కూడా తిరిగేది. మా పిన్ని కూతురి పెళ్ళిలో కొబ్బరిబోండాం ఇస్తే, స్ట్రా పీల్చి, నాలికతో మూసి, పందిట్లో అందరూ చూస్తుండగా కళ్ళు మూసుకున్నాడు. తర్వాత "లీకుంది, ఇంకోటి అట్రా" అన్నాడు. అక్కడితో ఊరుకోక సన్నాయి వాయించే ఆయన దగ్గరికెళ్ళి ఒకసారి చూసిస్తానన్నాడు. ఆయన సన్నాయి వెనక్కి దాచుకున్నాడు. ఇంకోసారి డాక్టరు బీపీ చూస్తుంటే, "ఈ అంకె నమ్మకండి, గొట్టం పగిలింది" అన్నాడు. నిజంగానే పగిలింది. గొట్టం మార్చి చూస్తే మావయ్య బీపీ నిక్షేపంగా ఉంది.

"ఈయనకి కూరలో ఉప్పు తక్కువైనా తెల్దు, ఎక్కువైనా తెల్దు. రబ్బరు రుచి మాత్రం బాగా తెలుసు" అని కస్తూరమ్మత్త వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

నోట్లో పైపు ఉన్నంతసేపూ మావయ్య మాట్లాడలేడు. ఏం అడిగినా "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" కోసమే పింటూ వచ్చేవాడేమో అని ఇప్పుడనిపిస్తుంది. ఆటో నడిపేవాడు. వారానికోసారి ఆటో ఆపి, స్టూలు మీద కూర్చుని, తన పెళ్ళి ఎందుకు కుదరడం లేదో మొత్తం చెప్పేవాడు.

"మిస్త్రీజీ, ఆప్ హీ బోలియే, మై క్యా కరూఁ?" అనేవాడు చివర్న, తనేం చెయ్యాలో చెప్పమని.

"ఊఁ."

"సహీ బోలా" అని, సరైన సలహా దొరికినట్టు పింటూ తేలిగ్గా లేచి వెళ్ళిపోయేవాడు. పింటూ ఆటోకి అసలు అలాంటి పైపులే ఉండవు. అప్పట్లో నాకు ఆ సంగతి తట్టలేదు.

ఇక మా నాన్న గణపతిరావు సంగతి. ఆయన టాటానగర్ రైల్వే యార్డులో వాక్యూం బ్రేకుల ఫిట్టరు. వ్యాగన్లన్నీ ఎయిర్ బ్రేకుకి మారిపోయాక, రిటైరయ్యేదాకా ఆయన్ని స్టోర్లో కూర్చోబెట్టారు. రిటైరయ్యాక ఒక పాత టర్బో డీజిల్ కారు కొన్నాడు. నేను డ్రైవింగు నేర్చుకున్నది దాని మీదే. ఆదివారమైతే అమ్మ పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో ఎక్కేది, ముగ్గురం డిమ్నా చెరువు దాకా వెళ్ళొచ్చేవాళ్ళం. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ నాకు ముందు ఆ పులిహోర వాసనే గుర్తొస్తుంది.

ఆరేళ్ళ కిందట ఆ కారు ఉన్నట్టుండి లాగడం మానేసింది. బాగ్‌బేరాలో మా వీధి చివర చిన్న ఎత్తు కూడా ఎక్కలేకపోయింది.

"ముసల్దైపోయింది. ఆదివారం కబాడీవోడికి తుక్కు కింద ఇచ్చీడమే" అన్నాడు నాన్న. అప్పటికే వాడికి రమ్మని ఫోను కూడా చేసేశాడట. అమ్మ అన్నం వడ్డించడం మానలేదు గాని మాట్లాడటం మానేసింది. నాకైతే ఏడుపొచ్చింది. మావయ్యకి ఒక్కసారి చూపిద్దామంటే నాన్న ససేమిరా అన్నాడు. ఎన్నడూ లేనిది అంత పంతమెందుకో అర్థం కాలేదు. శుక్రవారం పొద్దున్న నేనే స్టీరింగు పట్టుకుని, నాన్నని పక్కన కూర్చోబెట్టి, పొగ కక్కుకుంటూ సాక్చి తీసుకెళ్ళాను.

మావయ్య బానెట్టు ఎత్తి ఒక్క క్షణం చూశాడు. నాన్న మొహం చూశాడు. మళ్ళీ పైపులు చూశాడు.

"రజనీ, ఎల్లి మూడు టీలు అట్రా" అని ఒక పైపు ఊడదీసి నోట్లో పెట్టుకున్నాడు.

నేను టీలు పట్టుకుని వచ్చేసరికి, ఎత్తిన బానెట్టు అవతల నాన్న గొంతు వినిపించింది. అక్కడే ఆగిపోయాను.

"బావా, ఓ మాట సెప్తాను, ఎవులితోటీ అనకు."

"ఊఁ."

"ఆ పైపులు నానే ఇప్పీసేను."

"ఊఁ."

"ఎయిర్ బ్రేకులొచ్చీసేక నా పనితో ఎవులికీ పని లేకపోయింది. మొన్న బానెట్టు తీత్తే ఇందులో వాక్యూం అవుపడింది. పాత దోస్తు అవుపడినట్టే అయిపోయింది. సెయ్యి ఊరుకోలేదు. అన్నీ ఇప్పి, తుడిసి, మల్లీ పెట్టేను. మా వ్యాగన్ సిలిండరుకి మెయిన్ పైపు కిందనుంచే వత్తది కదా, అలగే దీని వాల్వుకీ కింద మూతికే పెట్టేను. అప్పట్నుంచీ ఇది లాగదు. వాక్యూం ఫిట్టరు తన కారు పైపులే తిరగేసి పెట్టేడంటే యార్డోల్లు నవ్వరేటి? అందుకే ముసల్దైపోయిందని అనీసేను. రజని ఏడిసింది బావా. దాని మొకం సూడలేకపోతన్నాను."

మావయ్య పైపు నోట్లోంచి తీయలేదు. చూపుడువేలు పైకి ఎత్తాడు.

"పైదానికా?"

"ఊఁ."

నాన్నే వంగి రెండు పైపులూ ఊడదీసి, ఇటుది అటు మార్చాడు. మావయ్య నోట్లోది కూడా అడిగి తీసుకుని దాని చోట తగిలించాడు. ఇంజను స్టార్టు చేసేసరికి టర్బో పక్కనున్న కడ్డీని వాక్యూం చటుక్కున లోపలికి లాగింది. నాన్న దాన్నే చూస్తూ నిలబడిపోయాడు. నేను అప్పుడే వచ్చినట్టు చెప్పులు చప్పుడు చేసుకుంటూ ముందుకెళ్ళాను.

"పైపు బిగువు తప్పింది రజనీ. పాత బండి కదా" అన్నాడు మావయ్య. "నాకు అంతు సిక్కలేదు. మీ నాన్నే పట్టుకున్నాడు."

నాన్న బానెట్టు మూసి టీ అందుకున్నాడు. ఆదివారం వచ్చిన కబాడీవాడిని అమ్మే గేటు దగ్గర్నుంచి పంపించేసింది. వచ్చి పులిహోర కలిపింది.

సోమవారం అమ్మ ఇచ్చిన కాజాల డబ్బా తీసుకుని షెడ్డుకి వెళ్ళాను. మావయ్య లేడు. కస్తూరమ్మత్త భోజనం క్యారేజీ పట్టుకుని కూర్చుంది. డబ్బా పెట్టడానికి పనిముట్ల బీరువా తెరిస్తే, పైఅరలో పిడి అరిగిపోయిన, గాలి లాగే చిన్న చేతిపంపు ఒకటి కనిపించింది. దానికి వాక్యూం కొలిచే ముల్లు కూడా ఉంది.

"అత్తా, ఇదేటి?"

"అదా? కొని పన్నెండేళ్ళైంది. ఎవులూ లేనప్పుడు దాంతోనే సూత్తాడు. మనిసి వత్తే దాన్ని దాసీసి పైపు నోట్లో ఎట్టుకుంటాడు. అదేటంటే, నోరు కాళీగుంటే సలహా సెప్పీసేలగున్నానంటాడు. సెప్పుకోడానికొచ్చినోడికి సలహా ఎందుకంటాడు."

ఇంతలో మావయ్య వచ్చాడు. బీరువా తలుపు తెరిచి ఉండటం చూశాడు, నన్ను చూశాడు.

"మావయ్యా, ఇన్నాళ్ళూ మరి..." అన్నాను.

మావయ్య తీరిగ్గా కొక్కేనికి వేలాడుతున్న పైపు తీసి ఒక కొస నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. రెండో కొస ఏ ఇంజనుకీ తగలకుండా గాల్లో ఊగుతోంది.

కాసేపు నవ్వుకున్నాను. తర్వాత స్టూలు దగ్గరికి లాక్కున్నాను.

"మావయ్యా, ఒక మాట చెప్తాను, నాన్నతో అనకు."

"ఊఁ" అన్నాడు మావయ్య.