పిరోష్కా పిన్ని పట్టిక

హంగేరీలో మా ఊరి మహిళల బాస్కెట్‌బాల్ జట్టుకు ఇరవై ఆరేళ్లుగా స్కోరు రాసేది పిరోష్కా పిన్నే. పెన్సిలు చెక్కినప్పుడల్లా కళ్లజోడు తుడుచుకుంటుంది, ఇంకెప్పుడూ తుడవదు. జట్టు గెలిచినా చప్పట్లు కొట్టదు, న్యాయమూర్తులు కొట్టరు కదా! ఏటా వేసవిలో యూరప్ లీగులన్నిటినీ తూచి, స్థాయిని బట్టి పట్టిక రాసి, స్టేడియం క్యాంటీన్ గోడకు అంటిస్తుంది. టర్కీ ఒకటి, స్పెయిన్ రెండు, ఫ్రాన్స్ మూడు, ఇటలీ నాలుగు, మేము ఐదు. "ఒక్క మెట్టు పైకెక్కిస్తే నీ సొమ్మేం పోయింది పిన్నీ?" అని జున్ను రొట్టెలు కాల్చే గేజా ఏటా అడుగుతాడు. "టర్కీ వాళ్లు మనల్ని ముప్పై పాయింట్ల తేడాతో ఉతికినప్పుడు నువ్వు నిద్రపోతున్నావా?" అని పిన్ని ఏటా కసురుతుంది.

ఈ జూన్‌లో బోర్బాలా క్యాంటీన్‌కొచ్చింది. ఎనిమిదో ఏట ఈ హాల్లోనే ఆట మొదలుపెట్టిన పిల్ల. ఆమె వేసిన ప్రతి పాయింటూ పిన్ని చేత్తో రాసిందే. "నేనెక్కడికీ పోను పిన్నీ" అని మొన్న ఈస్టర్‌కి కూడా మాటిచ్చింది. ఇప్పుడేమో, "టర్కీ జట్టుకు సంతకం చేసేశాను. మా ఏజెంటు స్పెయిన్ అంటే, నీ పట్టిక చూపించి నోరు మూయించా!" అని బుగ్గన ముద్దుపెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు గోడ మీద కొత్త పట్టిక వెలిసింది. అందులో టర్కీ ఆరు.

"ఒక్క రోజులో ఏం మునిగింది పిన్నీ?" అన్నాడు గేజా.

"ఎవర్ని పడితే వాళ్లని చేర్చుకుంటున్నారు. స్థాయి పడిపోయింది" అని పిన్ని కళ్లజోడు తుడుచుకుంది. చేతిలో పెన్సిలు లేదు.