ధ్రువం దొర, గాజు తలుపు

మా సూపర్‌వైజరు నోరు తెరిస్తే ఉత్తర ధ్రువమే. అరబ్బు దేశంలో, ఖమీస్ ముషైత్ వైపు ఒక ఎయిర్‌బేస్‌లో మాది ఏసీల మెయింటెనెన్స్ పని. నేను టెక్నీషియన్‌ని, మా అక్క మొగుడు వ్యాన్ డ్రైవరు, ఇద్దరిదీ కడపే. ఈ దొర ఇక్కడికి రాకముందు ధ్రువం దాపున మంచులో ఉన్న అమెరికా ఎయిర్‌బేస్‌లో పనిచేశాడట. అక్కడ ఏం ఉద్ధరించాడో తెలీదు గానీ ఆ బేస్ చరిత్ర మాత్రం మాకు కంఠతా వచ్చేసింది.

రష్యా బాంబు విమానాలు ధ్రువం మీదుగా వచ్చిపడతాయన్న భయంతో, సముద్రంలో మంచు విడిచిన కాస్త వేసవిలోనే ఓడలకొద్దీ సామాను దించి రన్‌వే వేశారట. ఇప్పటికీ పెద్ద రాడార్‌తో ఆకాశానికి కాపలా కాస్తున్నారట. తరతరాలుగా అక్కడ వేటాడి బతికినవాళ్లను వెళ్లగొట్టిన సంగతి దగ్గర మాత్రం "వాళ్లు వేరే చోటికి మారారు" అని ఒక్క ముక్కలో దాటేసేవాడు. ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన కథ తలుపులది. మంచు తుఫాను లేస్తే పక్క మనిషి కూడా కనబడడు. అందుకని దారి పొడవునా చిన్న గదులు కట్టి, తిండీ దుప్పట్లూ పెట్టి, తాళం వేయకుండా వదిలేస్తారట. ఎవడైనా తోసుకుని లోపలికి పోవచ్చు.

"నాగరికత అంటే అదీ," అని కాఫీ కప్పు మా మీదికి ఊపేవాడు. నాకు ఒళ్లు మండేది. ఆ కాఫీ వచ్చే ఆఫీసు గాజు తలుపు కార్డు గీస్తేనే తెరుచుకుంటుంది, మాకు కార్డులు లేవు.

మొన్న వానల్లో ఒక మధ్యాహ్నం వడగళ్లు మొదలయ్యాయి. మా బేస్ ఉన్న అసీర్ కొండల్లో వడగళ్లంటే కార్ల అద్దాలు పగలాల్సిందే. నేను ఆఫీసుకు ఎదుటి షెడ్డులో ఉన్నాను. బావ అట్టపెట్టెలో స్పేర్ పార్టు మోసుకొస్తూ మధ్యలో చిక్కుకున్నాడు. పెట్టె నెత్తిన పెట్టుకుని పరుగెత్తి గాజు తలుపు దబదబా బాదాడు. లోపలున్న దొర తీరిగ్గా లేచొచ్చాడు. మెడలో వేలాడే తన కార్డు ఎత్తి చూపించి, నీదేదీ అన్నట్టు చెయ్యి తిప్పాడు. ఇంతలో గాలికి ఏటవాలుగా వచ్చిన గడ్డ ఒకటి బావ ఎడమ కంటికి తగిలింది. నేను ఉరికి లాక్కొచ్చేసరికి ముఖమంతా నెత్తురు.

ఆ కంటికి ఇక చూపు రాదని అభా ఆసుపత్రిలో చెప్పేశారు. ఒంటికన్ను డ్రైవరు కంపెనీకి ఎందుకు? ఇంటికి పంపేయడానికి ఖురూజ్ కాగితం సిద్ధం చేసేశారు.

దొర పండ్ల బుట్టతో పరామర్శకు వచ్చాడు, సిగ్గు లేకుండా. బావకు ఇంగ్లీషు రాదు కాబట్టి నన్నే అడగమన్నాడు: అంత వడగళ్లవానలో ఎటైనా చాటుకు పోకుండా అక్కడెందుకు నిలబడ్డాడని.

బావ కట్టు లేని కంటితో ఆయన్నే చూస్తూ అన్నాడు. "వాకిలి తీస్తాడనుకుంటినని చెప్పు. ఈ కంటికి ఆఖర్న కనపడింది అద్దం అవతల వాని మొగమే, అది గూడా చెప్పు."

రెండూ చెప్పాను. ఎక్కడా సార్ అని కలపలేదు.